ఓటు పడింది, మాట చెల్లలేదు
(మచిలీపట్నంలో విద్యార్థులు, ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పార్టీల్లో నాయకుణ్ణి ఎన్నుకోవడం గురించి మాట్లాడమన్నారు. ఈ విషయం బందరులో మాట్లాడటం సుఖం. ఉదాహరణల కోసం ఢిల్లీ దాకా పోనక్కర్లేదు. ఈ ఊళ్లో వైద్యం చేసుకుంటూ ఉన్న పట్టాభి సీతారామయ్య కాంగ్రెస్ అధ్యక్ష పదవికి రెండు సార్లు పోటీ పడ్డారు. ఇటు గుడివాడ వైపు నిమ్మకూరులో పుట్టిన ఎన్టీ రామారావు పార్టీ పెట్టారు, ఆ పార్టీలోనే పదవి పోగొట్టుకున్నారు. అటు దివి తాలూకాలో చల్లపల్లి దగ్గర మంగళాపురంలో పుట్టిన చండ్ర రాజేశ్వరరావు కమ్యూనిస్టు పార్టీకి రెండు విడతలుగా ప్రధాన కార్యదర్శి అయ్యారు. పొద్దున బయల్దేరితే మధ్యాహ్నం భోజనం వేళకి ఈ మూడు ఊళ్లూ తిరిగి రావచ్చు. మూడు పార్టీలు, నాయకుణ్ణి మార్చిన మూడు పద్ధతులు. రాష్ట్రం కావాలని జెండా పట్టిన వాళ్లకి, పట్టబోయే వాళ్లకి ఈ ముచ్చట ఎందుకు అంటారేమో. ఎందుకో చివరికి వస్తాను.

మొదట పట్టాభి గారి సంగతి. ఆయన ఓటమి అందరికీ తెలుసు. ఆ ఓటమి ఎలా జరిగిందో తెలిసినవాళ్లు తక్కువ.

1938లో హరిపుర కాంగ్రెస్‌కి సుభాష్ చంద్రబోస్ పోటీ లేకుండా అధ్యక్షులయ్యారు. అప్పట్లో ఆనవాయితీ అదే. పెద్దలు కూర్చుని ఒక పేరు అనుకుంటారు, మిగతా పేర్లు ఉపసంహరించుకుంటారు, ప్రతినిధులు సరే అంటారు. ఏడాది తిరిగేసరికి బోసు మళ్లీ నిలబడతానన్నారు. 1935 చట్టంలో ఉన్న ఫెడరేషన్ మీద బ్రిటిష్ వాళ్లతో రాజీకి కొందరు నాయకులు సిద్ధపడుతున్నారని ఆయన అనుమానం. కనక అధ్యక్ష పదవికి పోటీ జరగాలి, విధానం మీద జరగాలి అన్నారు. ఈ మాట గుర్తుపెట్టుకోండి. మనిషి మీద కాదు, విధానం మీద పోటీ.

పెద్దలు అనుకున్న పేరు మౌలానా ఆజాద్. ఆయన తప్పుకున్నారు. రంగంలో మిగిలింది మన పట్టాభి. ఆయన కూడా తప్పుకుందామనే అనుకున్నారు, వద్దని గాంధీజీయే ఆపారు. సర్దార్ పటేల్, రాజేంద్రప్రసాద్, కృపలానీ మొదలైన కార్యవర్గ సభ్యులు బోసు పోటీ నుంచి తప్పుకుని ఏకగ్రీవం కానివ్వాలని బహిరంగంగా ప్రకటన ఇచ్చారు. బోసు ఒప్పుకోలేదు. కార్యవర్గ సభ్యులు ఒక జట్టుగా ఒక అభ్యర్థి పక్షం చేరడం న్యాయమా అని అడిగారు. ఇవాళ ఏ పార్టీ ఆఫీసులోనైనా ఈ ప్రశ్న అడిగి చూడండి, షోకాజ్ నోటీసు చేతిలో పెడతారు.

1939 జనవరి 29న ఎక్కడి ప్రతినిధులు అక్కడే, తమ తమ రాష్ట్రాల్లో ఓటు వేశారు. బోసుకి 1,580 ఓట్లు. పట్టాభి గారు రెండు వందల పైచిలుకు తేడాతో ఓడిపోయారు. దేశం మొత్తం మీద మూడు వేలకి దగ్గర మంది ఓటేస్తే వచ్చిన తేడా అది. స్పష్టమైన తీర్పే.

ఇక్కడ ఒక పక్కమాట చెప్పనివ్వండి. ఆ ఓట్లు రాష్ట్రాల వారీగా పడ్డాయన్నాను కదా. ఏ రాష్ట్రాలు? బ్రిటిష్ వాడి మ్యాపులో ఆంధ్ర అనే రాష్ట్రం లేదు, మద్రాసు ప్రెసిడెన్సీ ఉంది. కాంగ్రెస్ మ్యాపులో మాత్రం 1918 నుంచే ఆంధ్ర రాష్ట్ర కాంగ్రెస్ కమిటీ వేరుగా ఉంది. 1920 నాగపూర్ తర్వాత దేశమంతా భాషల వారీ కమిటీలు వచ్చాయి. తెలుగువాడికి సొంత రాష్ట్రం 1953లో వచ్చింది. సొంత ఓట్ల పెట్టె అంతకు ముప్ఫై ఏళ్ల ముందే ఒక పార్టీ లోపల దొరికింది. రాష్ట్రం కోసం కొట్లాడిన మనవాళ్లు ముందు పార్టీలో తమ కమిటీ తాము తెచ్చుకున్నారు. ఆ కమిటీ కోసం కష్టపడ్డ వాళ్లలో ముందు వరసలో ఉన్నది ఈ బందరు డాక్టరే.

సరే, ఫలితం వచ్చింది. తర్వాత ఏమైంది?

రెండు రోజులకి గాంధీజీ ప్రకటన వచ్చింది. పట్టాభిని పోటీలో ఉంచింది తానే కనక ఈ ఓటమి ఆయనకన్నా తనకే ఎక్కువ చెందుతుందని దాని సారాంశం. ఆ ఒక్క మాటతో లెక్క తారుమారైంది. అంతవరకూ అది బోసుకీ పట్టాభికీ మధ్య పోటీ. ఆ మాట తర్వాత బోసుకి ఓటేసిన ప్రతినిధి గాంధీకి వ్యతిరేకంగా ఓటేసినట్టయింది. ఓటేసేటప్పుడు వాడికి ఆ సంగతి ఎవరూ చెప్పలేదే! ఫిబ్రవరిలో కార్యవర్గంలో చాలామంది ఒకేసారి రాజీనామా చేశారు. మార్చిలో జబల్పూర్ దగ్గర త్రిపురిలో మహాసభ. బోసుకి ఒళ్లు కాలే జ్వరం, స్ట్రెచర్ మీద తీసుకొచ్చారు. ఆయన ఉపన్యాసం అన్నగారు శరత్ చంద్రబోస్ చదివారు. ఆ సభలోనే గోవింద వల్లభ్ పంత్ తీర్మానం నెగ్గింది. గాంధీజీ అభీష్టం ప్రకారమే అధ్యక్షుడు కార్యవర్గాన్ని వేసుకోవాలి. అంటే అధ్యక్షుణ్ణి మీరు ఎన్నుకోండి, ఆయన పక్కన కూర్చునేవాళ్లని మాత్రం మేం ఎంచుతాం.

గాంధీజీ పేర్లు ఇవ్వనన్నారు. నీకు నచ్చినవాళ్లని వేసుకో అన్నారు. తీర్మానం ఉంది కనక బోసు సొంతంగా వేసుకోలేరు. ఇటు వెళ్తే నుయ్యి, అటు వెళ్తే గొయ్యి. ఏప్రిల్ 29న కలకత్తా ఏఐసీసీలో రాజీనామా ఇచ్చారు. రాజేంద్రప్రసాద్ అధ్యక్షులయ్యారు. ఓటులో గెలిచినవాడు మూడు నెలల్లో వీధిన పడ్డాడు. ఓడినవాడు పార్టీలో భద్రంగా ఉండి తొమ్మిదేళ్లకి గెలిచాడు.

నేను పట్టాభి గారిని తక్కువ చేయడం లేదు. 1923లో ఈ ఊళ్లో ఆంధ్రా బ్యాంకు పెట్టినవాడు, కాంగ్రెస్ చరిత్ర రాసినవాడు. త్రిపురి వ్యవహారం ఆయన చేతిలో లేదు. బోసు వైపు తప్పులు లేవనీ అనను. కార్యవర్గంలో పెద్దలు బ్రిటిష్ వాళ్లతో రాజీకి పోతున్నారన్న మాటకి ఆయన దగ్గర రుజువు లేదు, తోటివాళ్లు నొచ్చుకున్నారంటే అర్థం ఉంది. అయినా నా అభిప్రాయం ఒకటే. మూడు వేల మంది వేసిన ఓటుని ఒక పెద్దమనిషి మనసులో బాధతో కొట్టేయడం అక్కడ మొదలైంది. ఆ పెద్దమనిషి మహాత్ముడు కనక అప్పుడు అది తప్పుగా కనపడలేదు. తర్వాత వచ్చిన పెద్దమనుషులు మహాత్ములు కారు. అలవాటు మాత్రం మిగిలింది.

1948లో పట్టాభి మళ్లీ నిలబడ్డారు. ఈసారి పురుషోత్తమ్ దాస్ టాండన్ మీద స్వల్ప ఆధిక్యంతో నెగ్గి జైపూర్ కాంగ్రెస్‌కి అధ్యక్షులయ్యారు. జవహర్‌లాల్ మద్దతు ఆయనకే. రాష్ట్ర సాధన మిత్రులు ఇక్కడ చెవి ఒగ్గి వినాలి. జైపూరులోనే భాషా రాష్ట్రాల మీద కమిటీ వేశారు. జవహర్‌లాల్, వల్లభభాయ్, పట్టాభి. పేర్లలో మొదటి అక్షరాలతో జేవీపీ. మూడు దశాబ్దాలు ఆంధ్ర రాష్ట్రం అడిగినవాడు కమిటీలో ఉన్నాడు కదా, ఇంకేం, రాష్ట్రం వచ్చేసినట్టే అనుకున్నారు మనవాళ్లు. 1949లో నివేదిక వచ్చింది. భాషా రాష్ట్రాలు ఇప్పుడు వద్దు. ఆంధ్ర సంగతి ఆలోచించవచ్చు, అయితే మద్రాసు నగరం మీద ఆశ వదులుకోవాలి. కింద పట్టాభి గారి సంతకం ఉంది. రాష్ట్రం రావడానికి ఇంకో నాలుగేళ్లూ, పొట్టి శ్రీరాములు ప్రాణమూ కావలసి వచ్చాయి.

ఆయన ద్రోహం చేశారని నేను అనను. ఆయన్ని ఆ కుర్చీలో కూర్చోబెట్టింది దేశమంతటి ప్రతినిధుల ఓట్లు, ప్రధానమంత్రి మద్దతు. ఆంధ్ర ఓటు అందులో ఒక భాగం. ఎవరి ఓటుతో గెలిచామో వాళ్లకే జవాబు చెబుతాం. మన మనిషి పెద్ద కుర్చీ ఎక్కితే మన పని అయిపోతుందనుకోవడం మన పొరపాటు, ఆయన పొరపాటు కాదు.

ఇక చండ్ర రాజేశ్వరరావు. క్లుప్తంగానే చెబుతాను, ఎందుకంటే అక్కడ ఓట్ల పెట్టె లేదు. 1950లో పార్టీ అజ్ఞాతంలో ఉంది, తెలంగాణలో సాయుధ పోరాటం నడుస్తోంది. రణదివే పంథా మీద బయటి నుంచి కూడా విమర్శ వచ్చింది. కేంద్ర కమిటీ కూర్చుని రణదివేని దించి రాజేశ్వరరావుని ఎక్కించింది. ఏడాది తిరక్కుండానే ఆయన పోయి అజయ్ ఘోష్ వచ్చారు. సభ్యుల్ని అడిగే వీలు లేని కాలం, దానికి నేను తప్పు పట్టను. నన్ను ఆకట్టుకునేది వేరే. దిగిన రాజేశ్వరరావు పార్టీలోనే పనిచేశారు, 1964 చీలిక తర్వాత మళ్లీ కార్యదర్శి అయి 1990 దాకా ఉన్నారు. దించబడ్డ రణదివే కూడా తర్వాత రోజుల్లో నాయకత్వంలోకి తిరిగొచ్చారు, రెండో పార్టీలోననుకోండి. విధానం మీద కొట్లాడుకుంటే ఓడినవాడికి ఇంట్లో చోటుంటుంది. మనిషి మీద కొట్లాడుకుంటే ఉండదు. అలాగని ఇరవై ఆరేళ్లు ఒకే మనిషి కార్యదర్శిగా ఉండటం గొప్ప అని మాత్రం చెప్పలేను.

నిమ్మకూరుకి పోదాం. ఎన్టీఆర్ పార్టీ ఎందుకు పెట్టారు? 1978 నుంచి 83 లోపు రాష్ట్రానికి నలుగురు కాంగ్రెస్ ముఖ్యమంత్రులు. చెన్నారెడ్డి, అంజయ్య, భవనం వెంకట్రామ్, కోట్ల విజయభాస్కరరెడ్డి. ఎమ్మెల్యేలు హైదరాబాదులో సమావేశమవుతారు, పేరు ఢిల్లీ నుంచి వస్తుంది, చేతులెత్తడం వీళ్ల వంతు. సీల్డు కవరు అనే మాట తెలుగు మాట అయిపోయింది అప్పుడే. ఆత్మగౌరవం అన్న నినాదానికి అంత ఊపు రావడానికి ఆ కవరే కారణం. 1982 మార్చి 29న పార్టీ పెట్టారు, 83 జనవరికి అధికారం. గుడివాడ ఆయన్ని 83లోనూ 85లోనూ గెలిపించింది. మధ్యలో 84 ఆగస్టులో గవర్నర్ రామ్‌లాల్ ఆయన్ని దించి నాదెండ్ల భాస్కరరావుని కూర్చోబెడితే, మెజారిటీ ఎవరిదో సభలో తేల్చమని ఊరూరా జనం రోడ్డెక్కారు. నెల తిరిగేసరికి మళ్లీ ఎన్టీఆరే ముఖ్యమంత్రి. తెలుగువాడికి తల లెక్క అంటే ఏమిటో నేర్పిన నెల అది.

మరి కవరుకి ఎదురు తిరిగిన పార్టీలో ఏం జరిగింది? అధ్యక్షుడు ఆయనే, ముఖ్యమంత్రీ ఆయనే. పదవులు ఆయన ఇస్తారు, ఆయనే తీస్తారు. 1989లో మంత్రివర్గం మొత్తాన్ని ఒక్కసారిగా ఇంటికి పంపారు. కవరు ఢిల్లీలో కాకుండా హైదరాబాదులో అంటించడం మొదలైంది, అంతే తేడా.

1994లో ఒక్క తెలుగుదేశమే 294లో 216 గెలిచింది. తొమ్మిది నెలలు తిరక్కుండానే, 95 ఆగస్టులో, ఎమ్మెల్యేలు వైస్రాయ్ హోటల్లో తేలారు. అల్లుడు చంద్రబాబు నాయుణ్ణి శాసనసభాపక్ష నాయకుడిగా ఎన్నుకున్నారు. చైతన్యరథం మీద హోటలు దగ్గరికి వెళ్లిన ఎన్టీఆర్ మీద చెప్పులు పడ్డాయి. సెప్టెంబరు 1న చంద్రబాబు ప్రమాణం చేశారు. 96 జనవరి 18న ఎన్టీఆర్ పోయారు.

దాన్ని వెన్నుపోటు అనేవాళ్లున్నారు, పార్టీని కాపాడుకోవడం అనేవాళ్లున్నారు. గుడివాడ సెంటర్లో టీ కొట్టు దగ్గర నిలబడితే ఇప్పటికీ రెండూ వినపడతాయి. నేను అడిగేది ఇంకొకటి. చట్టం ప్రకారం ఎమ్మెల్యేలు తమ నాయకుణ్ణి మార్చుకోవచ్చు. ఎన్టీఆర్ తీరు మీద, ఇంట్లో పెత్తనం మీద వాళ్లకి ఫిర్యాదులున్నాయి, కొన్ని నిజం కూడా. అయితే ఆ ఫిర్యాదు చెప్పుకోవడానికి పార్టీలో ఒక గది ఉందా? ఒక తేదీ ఉందా? ఓట్ల పెట్టె ఉందా? లేదు. తనకి ఎదురు ఓటు పడే చోటు పార్టీలో లేకుండా చేసుకున్నారు ఎన్టీఆర్. అందుకని ఆ ఓటు హోటల్లో పడింది. జెండా మోసిన కార్యకర్తని అటువాళ్లూ అడగలేదు, ఇటువాళ్లూ అడగలేదు.

ఇప్పుడు మన సంగతి. చివరికి వస్తానన్నది ఇదే.

1972లో జై ఆంధ్ర ఉద్యమం వచ్చినప్పుడు నేను కాలేజీ విద్యార్థిని. మా చదువులు ఆగిపోయాయి. ఎన్జీవోలు నెలల తరబడి సమ్మె చేశారు, జీతాలు లేవు. మా వీధిలో ఒక గుమాస్తా గారు భార్య గాజులు అమ్ముకుని బియ్యం తెచ్చుకున్నారు. 1973 సెప్టెంబరులో ఆరు సూత్రాల పథకం వచ్చింది. నాయకులు ఒప్పుకున్నారు. మాకు ఎలా తెలిసింది? పొద్దున్నే పేపర్లో. రాష్ట్రం కావాలో వద్దో అప్పుడు నాకు అంత స్పష్టత లేదు, ఇప్పుడు ఒప్పుకుంటాను. సరే, ఆ పథకం మంచిదో చెడ్డదో పక్కన పెట్టండి. గాజులు అమ్ముకున్న మనిషిని ఎవరూ అడగలేదు.

తెలంగాణ మిత్రుల కథ ఇంతకంటే కష్టం. 1969లో విద్యార్థులు తూటాలకి ఎదురు నిలబడ్డారు. 1971 లోక్‌సభ ఎన్నికల్లో తెలంగాణ ప్రజా సమితికి పద్నాలుగింట పది స్థానాలు ఇచ్చారు జనం. అంతకన్నా స్పష్టంగా జనం ఏం చెప్పగలరు? అదే ఏడాది చెన్నారెడ్డి నాయకత్వంలో సమితి కాంగ్రెస్‌లో కలిసిపోయింది. ఆయన 1978లో ఉమ్మడి రాష్ట్రానికే ముఖ్యమంత్రి అయ్యారు. ఆ అడిగిన రాష్ట్రం 2014 జూన్ 2న వచ్చింది, నలభై మూడేళ్ల తర్వాత.

2001 ఏప్రిల్ 27న పుట్టిన తెలంగాణ రాష్ట్ర సమితి పద్నాలుగేళ్లలోపే రాష్ట్రం చూసింది. దాని గొప్ప దానికి ఇవ్వాల్సిందే. అధ్యక్ష ఎన్నిక మాత్రం ప్లీనరీ ప్లీనరీకీ ఏకగ్రీవమే. 2022 దసరా నాడు పార్టీ పేరులోంచి తెలంగాణ తీసేసి భారత అని పెట్టారు. అదీ చేతులెత్తే ఆమోదమే. ఆ పేరు చెప్పి లాఠీ దెబ్బలు తిన్నవాడి దగ్గరికి ఓటు చీటీ వెళ్లి ఉంటే ఏమనేవాడో మనకి తెలీదు, వెళ్లలేదు కనక. అదే ఏడాది ఇటు రాష్ట్రంలో వైఎస్సార్ కాంగ్రెస్ ప్లీనరీలో జగన్మోహన్‌రెడ్డిని శాశ్వత అధ్యక్షుడన్నారు. శాశ్వతం అనే పద్ధతి ప్రజాస్వామ్యానికి విరుద్ధమని ఎన్నికల కమిషనే చెప్పాల్సి వచ్చింది. అటు కాంగ్రెస్‌లో అదే ఏడాది అక్టోబరులో నిజమైన ఓటింగు జరిగింది. ఖర్గేకి 7,897, శశి థరూర్‌కి 1,072. పెద్దల మనసు ఎటుందో అందరికీ తెలిసిన పోటీయే. అయినా ఆ వెయ్యి డెబ్బై రెండు మంది నాకు ముఖ్యం. గెలవడని తెలిసీ చీటీ మీద టిక్కు పెట్టారు, లెక్కలోకి వచ్చారు. 2000లో సోనియా గాంధీ మీద జితేంద్ర ప్రసాదకి వచ్చినవి 94 ఓట్లే.

ఉద్యమంలో ఓటింగులేమిటి, శత్రువు ఎదురుగా ఉంటే ఐక్యంగా ఉండొద్దా అని నన్ను చాలామంది అడిగారు. ఐక్యత కావాలి. కాని రేపు రాజీకి పిలుపు వస్తే ఎవరు వెళ్తారు? ఏమి అడుగుతారు? ఎక్కడ ఆగుతారు? వెళ్లినవాడు తిరిగొచ్చి ఎవరికి లెక్క చెబుతాడు? ఓటుతో ఎన్నికైనవాడికైతే చెప్పక తప్పని రోజొకటి క్యాలెండర్లో ఉంటుంది. చప్పట్లతో ఎక్కినవాడికి ఏ రోజూ ఉండదు.

చప్పట్ల సంగతి నాకు బాగా తెలుసు, ఎందుకంటే నేను కొట్టాను. నేను పనిచేసిన రోజుల్లో ఒక ఉద్యోగ సంఘం జిల్లా మహాసభ. పేరు ఎందుకులెండి. భోజనాల ముందు ఒకాయన జేబులోంచి కాయితం తీసి పదిహేను పేర్లు చదివి, ఏకగ్రీవం, చప్పట్లు అన్నాడు. వెనక వరసలోంచి ఒక అటెండరు చెయ్యెత్తి లేచాడు. నాదీ ఒక పేరుంది సార్ అన్నాడు. మైకు ఆగిపోయింది. కరెంటు పోలేదు, ఫాన్లు తిరుగుతూనే ఉన్నాయి. వడ్డన మొదలైంది, పులిహోర, గోంగూర. ఆయన కాసేపు నిలబడి కూర్చున్నాడు. ఆ పదిహేనులో నా పేరు కూడా ఉంది. రెండేళ్లకి మేం ఒక సమ్మె చేశాం. ఒక రాత్రి మా నాయకత్వం సంతకం పెట్టి విరమించింది. సమ్మె రోజుల జీతం పోయింది, అడిగింది ఒక్కటీ రాలేదు. కమిటీలో ఉన్న నాకే పొద్దున తెలిసింది. అడుగుదామని లేస్తే, నిన్నెవరు ఎన్నుకున్నారయ్యా అన్నారు. జవాబు లేదు నా దగ్గర. ఆ అటెండరు ఎదురుపడితే పక్క సందులోంచి వెళ్లేవాణ్ణి.

మీ సమన్వయ కమిటీకి ఈ సాయంత్రమే ఎన్నిక ఉందని కార్యదర్శి గారు చెప్పారు. అన్ని పేర్లూ అనుకున్నాం మాస్టారూ, అయిదు నిమిషాల పని అని కూడా అన్నారు. నా కోరిక ఒకటుంది. సభ్యుల జాబితా ఆ తలుపు మీద అంటించండి. నిలబడదలచినవాళ్లు అయిదింటిలోగా కాయితం మీద పేరు రాసి ఇవ్వండి. ఒక్కొక్కరికి మూడు నిమిషాలు మైకు ఇవ్వండి, రాజీ మాట వస్తే ఏం చేస్తారో చెప్పించండి. పెట్టె లేదంటే ఆ బిస్కెట్ల అట్టపెట్టె చాలు. నేను ఇక్కడ సభ్యుణ్ణి కాను కనక లెక్కపెట్టడానికి కూర్చుంటాను. అవనిగడ్డ ఆఖరి బస్సు పోతే పోయింది, ఎవరింట్లోనో ఇంత చాప వేయకపోరు.